హెక్టర్ తండ్రి తిన్న అన్నం

ప్రాచీన గ్రీకు కావ్యం ఇలియడ్ చదవబోయేవాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తాను, అందులో ట్రాయ్ నగరాన్ని పడగొట్టిన చెక్క గుర్రం లేదు. గ్రీకు వీరుడు అకిలీస్ మడమకి బాణం తగలడమూ లేదు. గ్రీకులు ట్రాయ్ మీద చేసిన పదేళ్ల యుద్ధంలో చివరి ఏడాది, అందులోనూ కొన్ని వారాల కథే కవి హోమర్ చెప్పాడు. మొదటిసారి చదివినప్పుడు ట్రాయ్ ఎప్పుడు కూలుతుందా అని పేజీలు తిప్పుకుంటూ పోయి, ఆఖరిదైన 24వ సర్గ దగ్గర ఆగిపోయాను. ఇప్పటికీ పుస్తకం తీస్తే ముందు అక్కడికే వెళ్తాను.

తన ప్రాణ స్నేహితుడు పాట్రోక్లస్‌ని చంపాడని అకిలీస్ ట్రాయ్ యువరాజు హెక్టర్‌ని చంపేశాడు. అయినా కోపం తీరలేదు, శవాన్ని రథానికి కట్టి పాట్రోక్లస్ సమాధి చుట్టూ ఈడుస్తున్నాడు. 12 రోజులైనా దహనం లేదు. అప్పుడు హెక్టర్ తండ్రి, ముసలి రాజు ప్రియామ్, బండిలో బంగారం, మంచి బట్టలు ఎక్కించుకుని రాత్రిపూట శత్రువుల శిబిరానికి బయల్దేరతాడు. దారి చూపించింది హెర్మీస్ దేవుడే గానీ, లోపలికి మాత్రం ముసలాయన ఒక్కడే వెళ్లాలి. వెళ్లి అకిలీస్ మోకాళ్లు పట్టుకుని, తన కొడుకుల్ని ఎంతోమందిని చంపిన ఆ చేతుల్నే ముద్దు పెట్టుకుంటాడు. మనం ధృతరాష్ట్ర కౌగిలి అంటామే, అక్కడా కొడుకులు పోయిన తండ్రి, ఎదురుగా చంపినవాడు, కానీ అక్కడ ఉక్కు బొమ్మ నుగ్గయింది. ఇక్కడ ప్రియామ్ అడిగేది ఒక్కటే, మీ నాన్నని గుర్తు తెచ్చుకో అని. ఇద్దరూ కూర్చుని ఏడుస్తారు, ఈయన హెక్టర్ కోసం, అతను తండ్రి కోసం, మధ్యమధ్యలో పాట్రోక్లస్ కోసం.

అలాగని అకిలీస్ ఒక్కసారిగా మారిపోడు. శవం త్వరగా ఇప్పించమంటే, నాకు కోపం తెప్పించకు అని గద్దిస్తాడు. శవానికి స్నానం కూడా చాటున చేయిస్తాడు, కొడుకుని చూసి ముసలాయన ఆపుకోలేకపోతే తన చెయ్యి ఎక్కడ లేస్తుందోనని. పాడె మీదికి మాత్రం తనే స్వయంగా ఎత్తి పడుకోబెడతాడు.

తర్వాత భోజనం. చావు ఇంట్లో పొయ్యి వెలగదు, పక్కింటివాళ్లు అన్నం తెచ్చి కాస్త ఎంగిలిపడండి అని బతిమాలతారే, సరిగ్గా అలాగే అకిలీస్, 12 మంది పిల్లల్ని పోగొట్టుకున్న నియోబీ కూడా ఏడ్చి ఏడ్చి చివరికి తిన్నది కదా అని నచ్చజెప్పి, తనే గొర్రెను కోసి, మాంసం తన చేత్తో వడ్డిస్తాడు. కొడుకు పోయాక ప్రియామ్ నోట్లోకి ముద్ద వెళ్లడం అదే మొదలు.

అంత్యక్రియలకి ఎన్నాళ్లు కావాలని అడుగుతాడు అకిలీస్. 9 రోజులు ఏడుస్తాం, పదో రోజు దహనం, పదకొండో రోజు సమాధి, పన్నెండో రోజు తప్పదంటే యుద్ధం చేద్దాం, అంటాడు ప్రియామ్. సరే, అన్నాళ్లూ యుద్ధం ఆపుతానని మాటిచ్చి, భయపడొద్దన్నట్టు ముసలాయన కుడి మణికట్టు పట్టుకుంటాడు.