ఆ గంటలు రాయించుకోనంది

"అవి సర్వీస్ అవర్స్ కావమ్మా. ఆ ఫారం మీద సంతకం పెట్టించకు" అంది మా అమ్మాయి.

ఏడో తరగతి చదువుతోంది. వేసవిలో, దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ ఉంచే షెల్టర్ నుంచి తెచ్చిన పిల్లికూనలకి సీసాతో పాలు పట్టింది. శనివారాలు నాతో పాటు షెల్టర్‌కి వచ్చి తువ్వాళ్ళు ఉతికి మడతలు పెట్టింది. స్కూల్లో బాగా చదివే పిల్లల సంఘమైన ఆనర్ సొసైటీకి సేవ చేసిన గంటలు చూపించాలి. మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. షెల్టర్ కోఆర్డినేటర్ సంతకం పెడతానంది కూడా. పిల్లే ఒప్పుకోలేదు. లైబ్రరీలో పుస్తకాలు సర్ది ఆ గంటలు చూపించుకుంటుందట, ఇవి మాత్రం రాయించుకోదట. ఎందుకే అంటే, "గవ్వ చచ్చిపోయిన రాత్రి కూడా అందులో కలుస్తుంది కదా" అంది. గవ్వ ఆ కూనల్లో ఒకటి.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా వాదించాను. చేసిన పనికి ఒక కాగితం ఉంటే తప్పేమిటి? ఇక్కడ అమెరికాలో కాలేజీ సీటుకి ఇవన్నీ పనికొస్తాయని మన ఇళ్ళల్లో అందరం నమ్ముతాం, చిన్న తరగతుల నుంచే లెక్క రాసుకుంటాం. మా తాతగారు ఊళ్ళో రామాలయానికి మెట్లు కట్టిస్తే మొదటి మెట్టు మీద ఆయన పేరు చెక్కారు. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లుంటాయి, బళ్ళో బీరువాల మీద ఉంటాయి. పేరు చెక్కించుకున్నంత మాత్రాన దానం తరిగిపోదని నా నమ్మకం. ఆ పేరు చూసి ఇంకొకరు ఇస్తారు. మా షెల్టర్ ముందు కూడా దాతల పేర్లున్న ఇటుకలు పరిచారు. చాలా ఇటుకల మీద మనుషుల పేరు పక్కనే, వాళ్ళు పెంచుకుని పోగొట్టుకున్న కుక్క పేరు కూడా ఉంటుంది.

నాకు జంతువులతో పరిచయం భయంతోనే మొదలైంది. చిన్నప్పుడు మా తమ్ముణ్ణి వీధికుక్క కరిచింది. గవర్నమెంటు ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు పొడిచేవారు. అమ్మ వాణ్ణి చంకనేసుకుని బయల్దేరుతుంటే వాడి ఏడుపు వీధి చివరిదాకా వినపడేది. ఆ పాత రకం టీకా ఇప్పుడు లేదు, చేతికి నాలుగైదు ఇంజెక్షన్లతో సరిపోతోంది. నా భయం మాత్రం ఆ రోజుల్లోనే ఉండిపోయింది. పిల్లుల సంగతి వేరు. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే ఇంట్లో పెరిగాను. ఆ ఇంటి పిల్లనే నేను, ఇప్పుడు గెస్ట్ బాత్రూమ్‌లో పిల్లులు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాను. సులువుగా ఒప్పుకోలేదు.

మేముండేది టెక్సస్‌లో ఆస్టిన్‌కి ఉత్తరాన. వచ్చిన కొత్తలో ఇక్కడ వీధుల్లో కుక్కలు కనపడకపోతే హాయిగా అనిపించింది. అవన్నీ ఎక్కడికి పోయాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. పిల్ల ఆలోచించింది. దొరికినవన్నీ షెల్టర్‌కి వెళ్తాయి. చోటు చాలకపోతే సూదిమందిచ్చి చంపేయడమే ఈ దేశంలో దశాబ్దాల తరబడి నడిచిన పద్ధతి. దీన్ని మార్చాలని ఆస్టిన్ నగర కౌన్సిల్ 2010లో తీర్మానం చేసింది. షెల్టర్‌లోకి వచ్చిన ప్రతి వందలో కనీసం 90 ప్రాణాలతో బయటికి వెళ్ళాలన్నారు. 2011కల్లా అక్కడికి చేరారు, 2019లో ఆ అంకెను 95కి పెంచారు.

తీర్మానం ఒక్కటీ ఉంటే ఇది జరిగేది కాదు. ఆస్టిన్ పెట్స్ అలైవ్ అనే సంస్థ, నగర షెల్టర్‌లో చంపే జాబితాకెక్కిన వాటిని తీసుకుని, వాటిలో ఏవి ఎందుకు చనిపోతున్నాయో చూసింది. పార్వో అనే వైరస్ సోకిన కుక్కపిల్లలు, ఎవరూ తీసుకోని పెద్ద కుక్కలు, తల్లి లేని పాలకూనలు. పార్వో వాటికి ఒక వార్డు పెట్టి వాలంటీర్లతో నడిపించారు. పాలకూనల సమస్య మరీ చిన్నది, అందుకే మరీ బాధ కలిగించేది. వాటికి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. రాత్రి షెల్టర్ మూసేస్తే పట్టేవాళ్ళుండరు. కాబట్టి చంపేసేవారు. వాటికి పెద్ద వైద్యమేమీ అక్కర్లేదు, రాత్రిపూట లేచే మనిషి ఒకరుంటే చాలు. ఈ సంగతి చదివినప్పటి నుంచి మా అమ్మాయి నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు.

చివరికి నాలుగు కూనలొచ్చాయి. అరిసె, బూరె, కాజా, గవ్వ. పేర్లు తనే పెట్టింది. ఆవుపాలు పట్టకూడదు, విరేచనాలవుతాయి, వాటికి పొడిపాలు వేరే ఉన్నాయి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, బోర్లా ఉండగానే పట్టాలి. తాగాక గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి పొట్ట కింద తుడిస్తేగాని ఒంటికి పోసుకోవు, తల్లి అయితే నాకి ఆ పని చేస్తుంది. వంటింట్లో పిండి తూచే త్రాసు మీద రోజూ తూచాలి, రోజుకి పది గ్రాములైనా పెరగాలి. షెల్టర్ వాళ్ళిచ్చిన ఫ్లీసు దుప్పట్లు పక్కనపెట్టి, నా పాత నేతచీర చింపి పొత్తిగుడ్డలు చేశాను. మా అమ్మ నా పిల్ల కోసం అలాగే చేసింది. ఆ గుడ్డలు మెత్తగా ఉంటాయి, తడి పీల్చుకుంటాయి, గోళ్ళకి పోగులు తగులుకోవు. మా అమ్మాయి మొదటిసారి అమ్మమ్మ గురించి తనంతట తను అడిగింది ఆ చీర చింపుతుండగానే. ఎంత బతిమాలినా ఆదివారం ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడని పిల్ల, ఒక గిన్నెడు పాలపొడి కలిపేలోపు అమ్మమ్మ ఎలా పెంచింది, పాలు కక్కితే ఏం చేసేది అని అన్నీ అడిగింది.

గవ్వ అన్నిటికన్నా చిన్నది. ఒకరోజు రాత్రి పాలు తాగలేదు. పట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది. చల్లబడిన కూనకి పాలు పట్టకూడదు, ముందు వెచ్చచెయ్యాలి, లేకపోతే అరగవు. ఫోన్ చేస్తే షెల్టర్ వాలంటీరు ఆ వేళప్పుడు కూడా ఎత్తింది. చెప్పినట్టల్లా చేశాం. తువ్వాలు చుట్టి, కింద వేడి ప్యాడ్ పెట్టి, చక్కెర పాకం వేలితో చిగుళ్ళకి రాశాం. తెల్లవారకముందే మా అమ్మాయి ఒళ్ళో పోయింది. పాలకూనల్లో ఇలా జరుగుతుందని ముందే చెప్పారు, కాగితం మీద కూడా రాసిచ్చారు. చదవడం వేరు, పిల్ల మొహం చూడటం వేరు. ఇలాంటి రాత్రి దానికి రాకుండా ఉండాలనే నేను అన్నాళ్ళు వద్దన్నాను. ఆరింటికి లేచి, కళ్ళు తుడుచుకుని, మిగతా మూడింటికీ పాలు కలిపింది. నేను చేస్తాను పడుకోమంటే వినలేదు.

ఆ రాత్రిని ఫారంలో ఏ గడిలో రాయాలి? అదీ దాని ప్రశ్న. దాని ముందు నా వాదన ఎంత సబబైనా నోరు పెగల్లేదు.

డబ్బు దగ్గర మా మధ్య వాదన ఇంతకంటే పెద్దది. 1985లో తిరుమలలో మొదలైన నిత్యాన్నదానానికి మేం ఏటా పంపుతాం, గోసంరక్షణ ట్రస్టుకి పంపుతాం, ఊళ్ళో బడికి పంపుతాం. పుట్టినరోజుకి బహుమతులొద్దు, పిల్లికూనల పాలపొడీ పాత తువ్వాళ్ళూ తెమ్మని మా అమ్మాయి స్నేహితులకి చెప్పింది. మా తెలుగు వాళ్ళల్లో చాలామంది సంతోషంగా డబ్బాలు డబ్బాలు తెచ్చారు. ఒకావిడ మాత్రం, "ఇదేదో మన ఊళ్ళో పిల్లలకి ఇస్తే బాగుండేది కదండీ" అంది. నాకూ లోపల ఆ మాటే ఉంది. మనిషి తర్వాతే ఏదైనా అని ఇప్పటికీ అనుకుంటాను. అయితే గోశాలకి పంపేటప్పుడు ఈ లెక్క నాకు గుర్తురాదు. పిల్ల అక్కడే పట్టుకుంది. "ఆవుకి పంపితే పుణ్యం, పిల్లికి పంపితే ఖర్చా?" అంది. మా ఆయన మధ్యలో, తన కంపెనీ షెల్టర్‌కి ఇచ్చిన ప్రతి డాలరుకీ ఇంకో డాలరు కలుపుతుంది, గుడికిస్తే కలపదు అన్నారు. లెక్క ప్రకారం అది నిజం. కానీ నేను అడుగుతున్నది ఆ లెక్క కాదు.

"మన ఊరు, మన ఊరు అంటావు. అది నీ ఊరమ్మా. నా ఊరు ఇదే" అంది చివరికి.

చాలా బాధపడ్డాను. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు, వీసా అనీ ప్రాజెక్టు అనీ మేమూ దాన్ని న్యూజెర్సీ, షార్లెట్ తిప్పి ఇక్కడికి తెచ్చాం. ఎక్కడా దానికి ఊరు లేదేమోనని దిగులుపడిన దాన్ని నేనే. ఇప్పుడది ఒక ఊరు తనదని చెబితే సంతోషించాలి. షెల్టర్‌లో దాని పేరు అందరికీ తెలుసు, సరిగ్గా పలకడం కూడా నేర్చుకున్నారు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ లాండ్రీ దగ్గర దానికోసం కుర్చీ ఆపుతుంది. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో కరెంటూ నీళ్ళూ లేనప్పుడు రెండు పెద్ద కుక్కల్ని తన ఇంటికి తీసుకెళ్ళి దుప్పట్ల కింద పడుకోబెట్టుకున్న కథ చెబుతుంది. ఇన్నేళ్ళుగా తెలుగువాళ్ళ ఇళ్ళు తప్ప ఇంకో ఇంటి గడప తొక్కని నేను, ఈ మధ్య ఆవిడ ఇంటికి వెళ్ళాను. దారి చూపించింది నా కూతురు.

డిసెంబరులో హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఇంకో సంగతి జరిగింది. మా అక్క వాళ్ళ వీధిలో చెవి కొస కత్తిరించిన కుక్కని చూసి మా అమ్మాయి, "దీనికి ఆపరేషనూ టీకా అయ్యాయి" అంది. ఇండియాలో 2001 నుంచీ ఉన్న పద్ధతే అది. పట్టుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలి. ఆ నగరంలో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ ఉందని దానికి నాకన్నా ముందే తెలుసు. మా అక్క మాత్రం ఊరుకోలేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి వీధికుక్కలు చంపేసిన సంగతి చెప్పింది. "మా పిల్లలు ట్యూషన్ నుంచి నడిచి రావాలే తల్లీ" అంది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమని సుప్రీంకోర్టు అనడం, పదకొండు రోజులకే ఆ ఉత్తర్వు సడలించి, రేబిస్ ఉన్నవీ కరిచే స్వభావమున్నవీ తప్ప మిగతావాటిని టీకా వేసి వదిలేయమనడం ఇద్దరికీ తెలుసు. పెద్దమ్మా కూతురూ రాత్రి దాకా వాదించుకున్నారు. తెలుగులోనే. తెలుగు తడుముకుంటూ అయినా, అది ఓడిపోవడానికి ఇష్టపడలేదు. నేను ఏ పక్షమూ తీసుకోలేకపోయాను. నాకు తమ్ముడి ఏడుపూ వినిపిస్తుంది, గవ్వ చల్లటి ఒళ్ళూ తెలుస్తుంది.

పిల్లలు ఇలా అడుగుతున్నారని నాకు రాసే స్నేహితులకి ఒకటి రెండు చెబుతుంటాను. ముందే ఇంటికి తెచ్చుకోకండి, తువ్వాళ్ళ దగ్గర మొదలుపెట్టండి. చిన్నపిల్లలైతే పక్కన మీరుండాల్సిందే, చాలా చోట్ల అదే నియమం. మొదటిసారికి పాలకూనలు వద్దు, తమంతట తాము తినే వయసువి అడగండి, రెండు పౌన్లకి పెరిగితే ఆపరేషన్ చేసి ఎవరికైనా ఇచ్చేస్తారు. వేసవిలో ఇండియా టికెట్లు కొనేముందు ఆలోచించండి, కూనలు ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. కూనల్ని తిరిగి ఇచ్చే రోజున పిల్లని ఒంటరిగా ఉంచకండి. ఇంతవరకూ ధైర్యంగా చెప్పగలను. తమ ఊరికి పంపే డబ్బులోంచి తీసి ఇక్కడ ఇవ్వాలా, గంటలు రాయించాలా వద్దా, తమది కాని ఊరిని పిల్లలు తమది అంటే ఏమనాలి అని అడిగితే మాత్రం నా మాట తడబడుతుంది. పిల్లకి మా తాతగారి మెట్టూ కావాలి, ఆ టీచరమ్మ పక్కన కుర్చీ కూడా కావాలి అని నాకుంది. రెండూ నిలుస్తాయో లేదో తెలియదు.

ఉగాదికి అత్తయ్యగారు వస్తున్నారు, ఆరు నెలలుంటారు. పొద్దున్నే తలస్నానం, తడిబట్టతో పూజ, పిల్లి తగిలితే మళ్ళీ స్నానం. గెస్ట్ గది ఆవిడదే, ఆ బాత్రూమూ ఆవిడదే. షెల్టర్ నుంచి ఈ ఏడాది మళ్ళీ కూనల్ని తీసుకుంటారా అని మెయిల్ వచ్చింది. నానమ్మతో ఫోన్లో తనే మాట్లాడతానంటోంది మా అమ్మాయి. నానమ్మ ఒప్పుకుంటే మా బెడ్‌రూమ్ బాత్రూమ్ ఇమ్మంటోంది. ముందు నన్ను మాట్లాడనివ్వు అన్నాను. వారమైంది, ఫోన్ చేసిన ప్రతిసారీ ఆవకాయ గురించీ టికెట్ గురించీ మాట్లాడి పెట్టేస్తున్నాను. ఆదివారం ఫోన్ దానికే ఇచ్చేస్తానని మా ఆయనతో అన్నాను.