మిక్స్‌డ్ క్రౌడ్

"మిక్స్‌డ్ క్రౌడ్ అంటే ఏంటి, హనీ?"

మైక్రోవేవ్‌లో సాంబారన్నం పెట్టి, ఫోన్ అప్పుడే ఆపాను. అడిగింది మా స్కూల్ కెఫెటీరియాలో పనిచేసే నల్లజాతి పెద్దావిడ. ఫోన్‌లో మా ఆడపడుచు కొడుకు. న్యూజెర్సీ నుంచి మా వర్జీనియాకి మారుతున్నాడు, లౌడన్ కౌంటీలో ఇల్లు వెతుకుతున్నాడు. "అత్తా, ఇది యాభై వేలు తక్కువకి వస్తోంది" అన్నాడు. "వద్దురా, ఆ స్కూల్ బౌండరీ అంతా మిక్స్‌డ్ క్రౌడ్. రేటింగ్ కూడా పదికి ఐదే" అన్నాను. ఇక్కడ ఇల్లు ఏ బౌండరీలో ఉంటే పిల్లలు ఆ బడికే.

తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదని మన ధీమా. కానీ నేను అన్నదాంట్లో తెలుగెంత? స్కూల్, బౌండరీ, మిక్స్‌డ్ క్రౌడ్, రేటింగ్. అవి నాలుగూ అందాక ఆవిడకి 'వద్దురా'తో పనేముంది?

"అన్ని రకాల పిల్లలూ ఉంటారని..." అంటూ నసిగాను. ఆవిడ ట్రే తుడుస్తూనే చెప్పింది. వాళ్ళమ్మ ఆ కౌంటీలోనే, లీస్‌బర్గ్‌లో డగ్లస్ హైస్కూల్‌లో చదివిందట. అప్పట్లో నల్లవాళ్ళ పిల్లలకి సరైన హైస్కూల్ లేదు. తల్లిదండ్రులే చందాలేసుకుని, నాలుగు వేల డాలర్లు పెట్టి ఎనిమిది ఎకరాలు కొని, కౌంటీకి ఒక్క డాలర్‌కి రాసిచ్చారు. 1941లో బడి తెరిచారు. 1954లో సుప్రీంకోర్టు వేరు బడులు చెల్లవన్నా, అక్కడ పిల్లలు పూర్తిగా కలిసేసరికి 1968 అయింది. 2020లో స్కూల్ బోర్డు క్షమాపణ చెప్పింది. "మా అమ్మ అది చూడకుండానే పోయింది" అని ట్రే దొంతర ఎత్తుకుని వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఇంటికొచ్చాక కోపం వచ్చింది. మేమేం చేశాం? ముప్పై ఏళ్ళ లోను, వీసా టెన్షన్, పిల్లల చదువు తప్ప మనకి ఇక్కడ ఆస్తేముంది? రేటింగ్ చూసి ఇల్లు కొనుక్కోవడం కూడా తప్పేనా? పాత లెక్కలు తెల్లవాళ్ళతో తేల్చుకోవాలిగానీ, నిన్నగాక మొన్న సూట్‌కేసులు పట్టుకుని దిగిన మాతోనా? అంట్లు తోముతున్నంతసేపూ వాదన బాగానే నడిచింది. తర్వాత ఒకచోట ఇరుక్కుంది. క్లాసులో సగం మంది మన పిల్లలే ఉంటే దాన్ని మనం మిక్స్‌డ్ అనం, మంచి క్రౌడ్ అంటాం.

పోనీ రేటింగ్ చదువు లెక్కే అనుకుందామా. అందులో ఎక్కువ భాగం పరీక్ష మార్కులు, ఆ మార్కులు చాలావరకు ఇంట్లో డబ్బును బట్టి వస్తాయి. మా స్కూల్ టైటిల్ వన్, అంటే పేద పిల్లలు ఎక్కువున్న బడులకి 1965 చట్టం కింద ఫెడరల్ డబ్బు వచ్చే రకం. టీచర్ పక్కన కూర్చుని చదివించే నా ఉద్యోగానికి జీతం ఆ డబ్బులోంచే. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన రెండో తరగతి పిల్లాడు నా వేలు పట్టుకుని, ఒక్కో అక్షరం మీద పెట్టించుకుని చదువుతాడు. అదే స్కూల్ బౌండరీకి మా మేనల్లుణ్ణి రమ్మంటానా? రమ్మనను.

ఈక్విటీ ట్రైనింగ్, అంటే ఎవరికెంత అవసరమో అంత సాయం అందాలని టీచర్లకి నేర్పేది, నేనూ తీసుకున్నాను. కంచె అవతల ఆట చూడ్డానికి పొట్టివాడికి ఎక్కువ పెట్టెలు వేసే బొమ్మ చూపించారు. అప్పుడు నేను బల్ల కింద వాట్సాప్‌లో ఇళ్ళ ఫోటోలు చూస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో ఇలాంటివి ఆపమని వాషింగ్టన్ నుంచి విద్యాశాఖ ఉత్తరం వచ్చాక ఆ ట్రైనింగ్ పేరు కూడా మార్చేశారు.

మా ఊరు తెనాలి దగ్గర. కాన్వెంటు బస్సు రామాలయం దగ్గరా, చెరువుగట్టు దగ్గరా ఆగేది, పేటలో ఆగేది కాదు. అక్కడి పిల్లలిద్దరు చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు దాకా నడిచొచ్చి ఎక్కేవాళ్ళు. పేటలో బురద, బస్సు దిగబడుతుంది అనేవారు. మా వీధిలోనూ బురదే. ముప్పై ఏళ్ళుగా గుర్తురాని ఆ చెప్పులు ఇప్పుడు వర్జీనియాలో గుర్తొచ్చాయి.

నిన్న లంచ్ టైములో మేనల్లుడు మళ్ళీ ఫోన్ చేశాడు. "అత్తా, ఆ ఇల్లు ఇంకా ఉందట. ఏం చెయ్యమంటావు?" ఆవిడ అవతల బల్ల దగ్గర ట్రేలు తుడుస్తోంది. "ఒక్క నిమిషం ఉండరా" అని చెప్పి, ఫోన్ పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళాను.