నా తాళంచెవి, ఎవరిదో సైకిలు

నాలుగేళ్ల చదువులో నావి రెండు సైకిళ్లు పోయాయి. మూడోసారి నేనే ఒకరి సైకిలు పట్టుకుపోయాను. మా కళాశాల పూర్వ విద్యార్థుల సంచికకు వ్యాసం అడగగానే నాకు ముందుగా గుర్తొచ్చినవి ఇవే. గురువుల గురించి, వార్షికోత్సవాల గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు.

మొదటిది గ్రంథాలయం ముందు పోయింది. వెనక చక్రానికి అడ్డంగా కడ్డీ పడే తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, లోపల రెండు గంటలు నిశ్చింతగా కూర్చున్నాను. (అందులో గంటన్నర నిద్రపోయాను. అది వేరే సంగతి.) ఆ తాళం చక్రాన్ని తిరగనివ్వదు, నిజమే. కానీ సైకిలును దేనికీ కట్టి ఉంచదు కదా! వెనక భాగం ఎత్తిపట్టి ముందు చక్రం మీద దొర్లించుకుపోతే సరి. అలా వెళ్తున్నవాడిని చూసి ఎవరూ దొంగ అనుకోరు. పాపం, తాళంచెవి పోగొట్టుకున్నాడని జాలిపడతారు. నా సైకిలును గేటు దాటించడానికి ఎవరో పుణ్యాత్ముడు ఒక చెయ్యి వేసే ఉంటాడని ఇప్పటికీ నా అనుమానం.

రెండోది కాస్త షోకైనది. ముందు చక్రం ఇరుసుకు నట్లు బదులు చేత్తో తిప్పే మీట ఉండేది. ఈసారి తెలివి తెచ్చుకుని గొలుసు కొన్నాను. ముందు చక్రాన్ని ఇనుప కటకటాలకు కట్టి పరీక్షకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి చక్రం ఉంది, గొలుసు ఉంది, తాళం చెక్కుచెదరకుండా ఉంది. మిగతా సైకిలు లేదు. పందేల్లో టైరు త్వరగా మార్చుకోవడానికి పనికొచ్చే మీట, దొంగకు ఇంకా బాగా పనికొచ్చింది.

సైకిలు కట్టడంలో ఒక పద్ధతి ఉందని అప్పుడు మా ప్రయోగశాల సహాయకుడు నేర్పాడు. సీటు కింది నుంచి వెనక ఇరుసు దాకా ఫ్రేము గొట్టాలు ఒక త్రికోణంలా ఉంటాయి. ఆ త్రికోణం లోపలికి వచ్చే చోట వెనక చక్రాన్ని రిమ్ముతో సహా పట్టి, కదలని వస్తువుకు బిగించాలి. రిమ్ము ఆ సందులోంచి బయటికి రాదు. కనుక ఫ్రేము, వెనక చక్రం రెండూ ఒకే తాళానికి దొరుకుతాయి. ముందు చక్రానికి ఇంకో గొలుసు. కదలని వస్తువు అంటే నిజంగా కదలనిదే కావాలి. పొట్టి స్తంభానికి కడితే సైకిలును తాళంతో సహా పైకెత్తి తీసేస్తారు. సన్నటి తీగ తాళం కటింగ్ ప్లేయరుకు ఎంతోసేపు ఆగదు. యు ఆకారపు ఉక్కు తాళం మేలు. అయితే దాని లోపల ఖాళీ తక్కువ ఉండేలా బిగించాలి, లేకపోతే అందులో ఇనుప కడ్డీ దూర్చి మెలితిప్పుతారు. ఆ తాళాలనూ మరీ నమ్మకూడదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 2004లో అమెరికాలో, గుండ్రటి తాళంచెవి పట్టే ఖరీదైన తాళాలు కొన్ని బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని బయటపడింది. తయారుచేసిన సంస్థ వాటిని వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వవలసి వచ్చింది. ఆ వార్త చదివి నేను నవ్వినంతగా ఇంకెవరూ నవ్వి ఉండరు. ఎందుకంటే నాకు పెన్ను కూడా అవసరం లేకపోయింది.

అసలు కథ ఇదే. మూడో సంవత్సరంలో పాత సైకిలు ఒకటి కొన్నాను. వాన వెలిసిన ఒక సాయంత్రం, వెలుతురు తగ్గాక, వరసగా నిలబెట్టిన నల్ల సైకిళ్లలో నాదనుకున్నదాని దగ్గరికి వెళ్లి తాళంచెవి పెట్టి తిప్పాను. తెరుచుకుంది. ఎక్కి హాస్టల్‌కు వచ్చేశాను. సీటు కొంచెం ఎత్తుగా ఉన్నట్టు తోచింది కానీ, వానకు నా కాళ్లే బిగుసుకున్నాయనుకున్నాను. తెల్లవారాక చూస్తే బెల్లు నాది కాదు. చవక తాళాలకు తాళంచెవుల నమూనాలు కొన్నే ఉంటాయట. ఒకదానిది ఇంకోదానికి పట్టడం పెద్ద వింతేమీ కాదు.

తీసుకెళ్లి అప్పగిస్తే సైకిలు యజమాని నన్ను కింది నుంచి పైకి చూశాడు. గేటు దగ్గర కాపలా తాతే అడ్డుపడ్డాడు. “దొంగ అయితే తిరిగి తెస్తాడా బాబూ?” అన్నాడు. అంతటితో అయిపోలేదు. నిన్నటి చోట మిగిలిన నల్ల సైకిలు నాదేనని నేను రుజువు చేయాలి. ఎలా? నా తాళంచెవి రెండింటికీ పడుతోంది! ఆ అబ్బాయి మాత్రం నోటుపుస్తకం చివరి పేజీ తీసి, తన సైకిలును తలకిందులు చేసి, పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున చెక్కిన అంకెలు చదివి వినిపించాడు. అక్షరం పొల్లుపోలేదు. నా సైకిలుకూ అలాంటి నంబరు ఉందని నాకు అప్పుడే తెలిసింది. కాపలా తాత మాట మీదే అది నాకు దక్కింది.

మేమిద్దరం ఆ తర్వాత స్నేహితులమై, హాస్టల్‌లో ఒక రిజిస్టరు మొదలుపెట్టాం. ఫ్రేము నంబరు, రంగు, గీతలు, సొట్టలు రాసేవాళ్లం. పేరు రాసిన కాగితం చుట్టి సీటు గొట్టంలో వేసేవాళ్లం. దొంగతనాలు ఆగిపోయాయని చెప్పను. కానీ కొత్త రంగు పూసిన ఒక సైకిలు సీటు ఊడదీస్తే లోపల మా కాగితం దొరికింది. రంగు పూసినవాడు ఏ గదివాడో ఇక్కడ రాయను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మేము పట్టుకున్నాం.

తొక్కడంలో నా ఘనత ఒక్కటే చెబుతాను. పరిపాలన భవనం వెనక వాలు మీద, వానలో, క్యారియర్ మీద మిత్రుణ్ణి ఎక్కించుకుని, ఒక చేత్తో గొడుగు పట్టుకుని దిగాను. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సైకిలు సెకనుకు అయిదున్నర మీటర్లు పోతుంది. తడిసిన రిమ్ము మీద బ్రేకు రబ్బర్లు ముందు నీళ్లు తుడుస్తాయి, ఆ తర్వాతే పట్టుకుంటాయి. ముందు బ్రేకు నొక్కితే బోర్లా పడతామని చిన్నప్పటి నుంచి భయం. అందుకే దాని జోలికి పోలేదు. ఆపేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే. రెండూ కలిపి మెల్లగా నొక్కాలి, ఒంటిని వెనక్కి జరపాలి. ఇవన్నీ ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకుని దానికి గుద్దుకున్నాక నేర్చుకున్నాను. ఆగిన వాహనాలకు కనీసం ఒక మీటరు ఎడంగా పోవాలన్నది కూడా. మిత్రుడికి ఏమీ కాలేదు. గొడుగు దక్కలేదు. నా మోచేతి మీద గుర్తు ఇప్పటికీ ఉంది.

డైనమో దీపం గురించి ఒక్క మాట. తొక్కినంతసేపే అది వెలుగు; ఆగితే చీకటి. మలుపులో ఆగి నిలబడ్డప్పుడే వెనకవాడికి మనం కనబడాలి. వెనక ఎర్ర అద్దం బిళ్ల ఉన్నది అందుకే. అది ఊడిపోయిన సైకిలునే మా వాళ్లలో సగం మంది నాలుగేళ్లూ తొక్కారు, నాతో సహా.

పోయిన సమ్మేళనానికి వచ్చినప్పుడు గ్రంథాలయం ముందు ఆగాను. చాలా సైకిళ్లు ముందు చక్రానికే కట్టి ఉన్నాయి. ఒకదాని దగ్గర వంగి, ఫ్రేము నంబరు కనబడుతుందేమోనని పెడళ్ల కింద చెయ్యి పెట్టి తడుముతున్నాను.

“సార్, అది నా సైకిలు,” అంది వెనక నుంచి ఒక అమ్మాయి. తాళంచెవి అప్పటికే చేతిలో ఉంది.

“నంబరు ఎంతమ్మా?” అని అడిగాను, లేచి నిలబడుతూ.

ఆ అమ్మాయి నాకు జవాబు చెప్పలేదు. కాపలావాడిని పిలిచింది.