స్టాటిన్ వేసుకుంటే లివర్ కణంలో బియ్యం నిండుకుంటాయి

స్టాటిన్ మాత్ర రక్తంలో కొవ్వును కరిగిస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి అది రక్తంలో దేన్నీ కరిగించదు. లివర్ కణాల్లో కొలెస్ట్రాల్ తయారుచేసే ఒక ఎంజైమును అడ్డుకుంటుంది, అంతే. మరి రిపోర్టులో ఎల్‌డీఎల్ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే రేణువు, 'చెడ్డ కొలెస్ట్రాల్') ఎందుకు తగ్గుతుంది? ఇంట్లో బియ్యం నిండుకుంటే సంచి పట్టుకుని కొట్టుకు వెళ్తాం కదా, లివర్ కణం చేసేదీ అదే. లోపల సరుకు తగ్గగానే రక్తంలోంచి తెచ్చుకుంటుంది. ఎంత తెచ్చుకోవాలో దానికి ఎలా తెలుస్తుందన్నదే అసలు విషయం.

ముందు సరుకు సంగతి. ఎల్‌డీఎల్ రేణువు వ్యాసం సుమారు 22 నానోమీటర్లు. మధ్యలో 1,500 దాకా కొలెస్ట్రాల్ ఎస్టర్ అణువులు, వాటి చుట్టూ ఫాస్ఫోలిపిడ్ల పొర, పైన చుట్టుకుని అపోబీ-100 అనే ఒకే ఒక్క భారీ ప్రోటీన్. ఇంత లావు సరుకు కణత్వచంలోంచి దానంతటది దూరలేదు. అందుకే కణం తన పైపొరలో ఎల్‌డీఎల్ రిసెప్టర్లను, అంటే దాన్ని పట్టుకుని లోపలికి తెచ్చే తలుపుల్లాంటి ప్రోటీన్లను, నిలబెడుతుంది. 839 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్‌లో చాలా భాగం బయటికే ఉంటుంది. లోపలికి వేలాడేది 50 అమైనో ఆమ్లాల తోక మాత్రమే. చూడ్డానికి చిన్నదే అయినా పెత్తనమంతా ఈ తోకదే.

ఆ తోకలో ఆస్పరజిన్, ప్రోలిన్, వేలిన్, టైరోసిన్ వరసగా ఉన్న ఒక గుర్తు ఉంది. లివర్‌లో ఏఆర్‌హెచ్ అనే అడాప్టర్ ప్రోటీన్ ఆ గుర్తును పట్టుకుంటుంది. దాని రెండో చెయ్యి ఏపీ2 అనే ఇంకో అడాప్టర్‌నీ, క్లాథ్రిన్‌నీ పట్టుకుంటుంది. క్లాథ్రిన్ మూడు కాళ్ల ప్రోటీన్ ముక్క. ఈ ముక్కల కాళ్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటే గంపలాంటి అల్లిక తయారవుతుంది, దాని కింద పొర లోపలికి గుంటపడుతుంది. ఈ గుంటలను 1964లో దోమ అండకణాల్లో రోత్, పోర్టర్ గమనించారు. 1975లో బార్బరా పియర్స్ పంది మెదడు నుంచి ఆ అల్లికను శుద్ధిచేసి, తర్వాత దానికి క్లాథ్రిన్ అని పేరు పెట్టింది. చర్మపు ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో ఈ గుంటలు ఉపరితలంలో 2 శాతమే అయినా, రిసెప్టర్లలో సగానికి పైగా వాటిలోనే గుమిగూడి ఉంటాయి.

గుంట లోతై మెడ సన్నబడ్డాక డైనమిన్ అనే ప్రోటీన్ ఆ మెడ చుట్టూ ఉంగరంలా బిగుసుకుని, శక్తినిచ్చే జీటీపీ అణువులను ఖర్చుచేసి తెంపుతుంది, గుంట విడి బుడగ అవుతుంది. డైనమిన్ చెడితే ఏమవుతుందో చూపించడానికి షిబిరె అనే పండు ఈగ రకం ఉంది. వేడి 29 డిగ్రీలు దాటితే దాని డైనమిన్ పనిచేయదు. నాడీకణాల్లో బుడగలు మెడ దగ్గరే ఇరుక్కుపోయి, ఈగ చచ్చుబడి పడిపోతుంది. చల్లబరిస్తే లేచి నడుస్తుంది.

తెగిన బుడగ మీది క్లాథ్రిన్‌ను ఆక్సిలిన్ అనే ప్రోటీన్ సాయంతో హెచ్‌ఎస్‌సీ70 అనే మరో ప్రోటీన్ ఊడదీస్తుంది. బుడగ ఎండోజోమ్‌లో, అంటే లోపలికొచ్చిన సరుకును వేరుచేసే అరలో, కలుస్తుంది. అక్కడ పీహెచ్ 6 దగ్గరికి, ఇంకా కిందికి దిగుతుంది. ఆ పులుపుకు రిసెప్టర్ తనమీదికి తాను మడుచుకుని, పట్టు వదిలేస్తుంది. ఎల్‌డీఎల్ కణం అరుగుదల అరైన లైసోజోమ్‌కు వెళ్లి ముక్కలవుతుంది, రిసెప్టర్ ఖాళీ సంచిలా మళ్లీ పైకొస్తుంది. ఒక్కో తిరుగుడుకు సుమారు 10 నిమిషాలు. దాని ఆయుష్షు 20 గంటల వరకు, అంటే వందకు పైగా ట్రిప్పులు.

ఇందులో ఏ మెట్టు దగ్గరైనా తేడా రావచ్చు. డల్లాస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు పరీక్షించిన ఒక రోగి కణాలు ఎల్‌డీఎల్‌ను చక్కగా పట్టుకునేవి, కానీ లోపలికి తీసుకునేవి కావు. 1986లో తేలిన కారణం ఏమిటంటే, తోకలోని 807వ స్థానంలో టైరోసిన్ బదులు సిస్టీన్ ఉంది. 839లో ఒక్క అక్షరం తప్పు! ఏఆర్‌హెచ్ లోపమైతే ఇంకో తమాషా. రోగి లివర్ ఎల్‌డీఎల్‌ను సరిగ్గా తీసుకోదు గానీ, చర్మపు ఫైబ్రోబ్లాస్టులు మామూలుగానే ఎల్‌డీఎల్‌ను తీసుకుంటాయి, ఎందుకంటే అక్కడ డాబ్2 అనే మరో అడాప్టర్ ఆ పని చేస్తుంది. చర్మం ముక్క మాత్రమే పరీక్షించి జబ్బు లేదనేస్తే పప్పులో కాలేసినట్టే.

ఇక నియంత్రణ. గుంటలు పడే వేగాన్ని కణం ఇక్కడ పెద్దగా మార్చదు. తలుపుల, అంటే రిసెప్టర్ల, సంఖ్యను మారుస్తుంది. కణం లోపలి పొరల వల అయిన అంతర్జీవద్రవ్యజాలం పొరలో స్కాప్ అనే ప్రోటీన్ కొలెస్ట్రాల్‌ను అనుక్షణం తూకం వేస్తుంటుంది. ఆ పొర లిపిడ్లలో కొలెస్ట్రాల్ సుమారు 5 శాతం అణువులకు మించితే స్కాప్, దాని జతగాడైన ఎస్‌ఆర్‌ఈబీపీ2 ప్రోటీన్, రెండూ అక్కడే ఆగిపోతాయి. అంతకన్నా తగ్గితే రెండూ గాల్జీ అనే మరో అరకు వెళ్తాయి. అక్కడ రెండు కత్తెర ఎంజైములు ఎస్‌ఆర్‌ఈబీపీ2ను కత్తిరిస్తాయి. విడిపోయిన ముక్క కేంద్రకంలోకి వెళ్లి, రిసెప్టర్ జన్యువునూ కొలెస్ట్రాల్ తయారీ జన్యువులనూ లేపుతుంది. స్టాటిన్ వేసుకుని కొలెస్ట్రాల్ తయారీని ఆపితే ఈ తూకమే తగ్గుతుంది, రిసెప్టర్లు పెరుగుతాయి, రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు రిసెప్టర్ జన్యు ప్రతులూ చెడి తలుపులే లేని పిల్లలకు స్టాటిన్ పెద్దగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. 1984లో పిట్స్‌బర్గ్‌లో అలాంటి ఆరేళ్ల పాపకు గుండెతోపాటు లివర్‌నూ మార్చితే ఎల్‌డీఎల్ ఒక్కసారిగా కిందికి దిగింది. శరీరంలోని తలుపుల్లో అత్యధిక భాగం లివర్‌లోనే ఉంటాయి మరి.

అయితే స్టాటిన్ మోతాదును రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ అదనంగా 6 శాతం దాకా మాత్రమే తగ్గుతుంది. దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి, ఎస్‌ఆర్‌ఈబీపీ2 లేపే జన్యువుల్లో పీసీఎస్‌కే9 కూడా ఉండటం. లివర్ రక్తంలోకి వదిలే ఈ ప్రోటీన్ రిసెప్టర్‌ను బయటే పట్టుకుంటుంది. ఎండోజోమ్ పులుపులో పట్టు వదలాల్సింది పోయి ఇంకా బిగిస్తుంది. రిసెప్టర్ మడుచుకోలేదు, సరుకుతోపాటు తనూ లైసోజోమ్ పాలవుతుంది. వంద ట్రిప్పులు తిరగాల్సిన సంచి మధ్యలోనే చిరిగిపోతుంది. తలుపులు పెట్టే ఆర్డరూ, పీకేసే ఆర్డరూ ఒకే చేత్తో రాస్తుందన్నమాట కణం! 2003లో ఫ్రాన్స్ కుటుంబాల్లో ఈ జన్యువు దూకుడును పెంచే మార్పులు ఎల్‌డీఎల్‌ను పెంచుతున్నాయని తేలింది. తర్వాత డల్లాస్‌లో దాని పని ఆగిపోయినవాళ్లు దొరికారు. వాళ్ల ఎల్‌డీఎల్ పుట్టుకతోనే తక్కువ. ఈ ప్రోటీన్‌ను కట్టేసే ఎవొలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ ఇంజెక్షన్లు 2015లో వచ్చాయి. లివర్‌లో దాని తయారీనే ఆపే ఇంక్లిసిరాన్‌ను 284 మి.గ్రా. చొప్పున మొదటి రోజు, మూడో నెల, ఆపైన ఆరు నెలలకోసారి ఇస్తారు.

ల్యాబులో కణాలు ఎల్‌డీఎల్‌ను లోపలికి తీసుకోవడాన్ని కొలిచేవాళ్లకు నాలుగు మాటలు. కణాలను మామూలు సీరంలో పెంచి నేరుగా ప్రయోగం పెడితే సిగ్నల్ రాదు. సీరంలోని ఎల్‌డీఎల్ తిని అవి అప్పటికే తలుపులు తగ్గించుకుని ఉంటాయి. ముందు 24 నుంచి 48 గంటలు లైపోప్రోటీన్లు తీసేసిన సీరంలో ఉంచాలి. తర్వాత ఐసు మీద, 4 డిగ్రీల్లో, మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల లేబుల్ చేసిన ఎల్‌డీఎల్‌తో గంట. అక్కడ రేణువులు అతుక్కుంటాయి, లోపలికి వెళ్లవు. చల్లటి బఫర్‌తో కడిగి 37 డిగ్రీలకు మార్చిన క్షణం నుంచి టైమ్ లెక్క. చివర్లో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్‌తో కడిగితే ఉపరితలం మీద మిగిలింది ఊడి వస్తుంది, లోపలికి వెళ్లింది కణంలోనే ఉంటుంది. ఈ కడుగుడు మర్చిపోతే అతుక్కున్నదంతా లోపలికి వెళ్లినట్టే కనబడుతుంది. లేబుల్ లేని ఎల్‌డీఎల్‌ను 50 రెట్లు కలిపిన కంట్రోల్ లేకపోతే, ప్లాస్టిక్‌కు అంటుకున్నదాన్ని కూడా రిసెప్టర్ ఖాతాలో వేసేస్తాం. ఎల్‌డీఎల్‌కు లేబుల్‌గా వాడే డీఐఐ (DiI) అనే మెరిసే రంగు లైసోజోమ్‌లో పేరుకుంటుంది కాబట్టి అది తీసుకోవడాన్ని చూపిస్తుంది, అరుగుదలను చూపించదు.

ఈ తూకం వ్యవస్థకు లోబడని తలుపులూ ఉన్నాయి. ధమని గోడలోని మ్యాక్రోఫేజ్ కణాల (చెత్తను మింగే రక్షక కణాల) మీద ఎస్‌ఆర్-ఏ, సీడీ36 అనే స్కావెంజర్ రిసెప్టర్లు ఉంటాయి. ఇవి మామూలు ఎల్‌డీఎల్‌ను పెద్దగా పట్టించుకోవు, ఆక్సీకరణం చెంది పాడైనదాన్ని మాత్రం లాగేస్తాయి. లోపల కొలెస్ట్రాల్ ఎంత పేరుకున్నా ఎల్‌డీఎల్ రిసెప్టర్‌లా ఇవి తగ్గవు. కణం తింటూనే పోయి నురగ కణమవుతుంది, అలాంటివి చేరి రక్తనాళంలో పూడిక మొదలవుతుంది. స్టాటిన్ గానీ, పీసీఎస్‌కే9 ఇంజెక్షన్ గానీ ఈ తలుపును మూయవు. ధమని గోడ దాకా వెళ్లే సరుకును లివర్ ముందే లాగేసుకునేలా చేస్తాయి.