హాప్‌కిన్స్ లోయకు ఏ తూటా తీసుకెళ్ళాలి?

మే నెలాఖరున ఒక శుక్రవారం తెల్లవారకముందే క్రైస్ట్‌చర్చ్ నుంచి బయలుదేరాము. మేమంటే నేనూ, మా కార్యాలయంలో నాకంటే పదిహేనేళ్ళు పెద్దవారైన ఒక సహోద్యోగీ. ఆయన న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, గొర్రెల పొలంలో పుట్టి పెరిగినవారు. నేను ముప్పై అయిదేళ్ళు వచ్చేవరకు దీపావళి నాటి రీలు తుపాకీ తప్ప మరొకటి ముట్టుకోని గుంటూరువాణ్ణి. తుపాకీ లైసెన్సు చేతికొచ్చి మూడు నెలలైనా నేను సొంత రైఫిల్ కొనలేదు. కొండలెక్కాలి కాబట్టి తేలికది కొనాలన్నంతవరకు నిశ్చయమే గాని, అది ఏ తూటాను కాల్చేదై ఉండాలన్న దగ్గర ఆగిపోయాను. గురి చూసే స్కోప్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, భుజానికి ఆనించే స్టాక్‌నూ మార్చుకోవచ్చు. తూటా మాత్రం బ్యారెల్‌తో, అంటే తుపాకీ గొట్టంతో, ముడిపడిపోతుంది. హాప్‌కిన్స్ లోయలో మూడు రోజులు తిరిగివస్తే నీకే తెలుస్తుందని, తన రైఫిల్ ఒకటి అరువిచ్చి మరీ ఆయన నన్ను బండెక్కించారు.

జెరాల్డిన్ దాటి, టెకాపో సరస్సు ఒడ్డున కాఫీ తాగి, ట్వైజల్ మీదుగా ఓహౌ సరస్సు చేరాము. హాప్‌కిన్స్ నది వచ్చి కలిసేది ఈ సరస్సులోనే. మేము వెతుక్కుంటూ పోతున్న జంతువు హిమాలయ తహర్ అనే కొండమేక. దీనికి పోలికలున్న నీలగిరి తహర్‌ను మున్నార్ దగ్గర రాజమలలో, పిల్లలను వెంటబెట్టుకుని, అటవీశాఖ వారి బస్సు దిగి చూసినవాణ్ణి నేను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటాడరాని జంతువును ఇక్కడ వేటాడబోవడం దారి పొడుగునా నాకు కొంత ఇబ్బందిగానే ఉంది. అయితే ఇక్కడి కథ వేరు. బెడ్‌ఫర్డ్ డ్యూకు కానుకగా పంపిన కొద్ది జంతువులను 1904లో అవోరాకి మౌంట్ కుక్ దగ్గర వదిలారు. గబ్బిలాలు తప్ప స్థానిక క్షీరదాలే నేల మీద లేని ఆ దేశంలో, వాటిని పట్టి తినే మృగమేదీ ఎదురులేక మందలు పెరిగి, కొండల మీది గడ్డినీ అరుదైన పూలమొక్కలనూ మొదలంటా మేయసాగాయి. 1930లో వాటికున్న రక్షణ తొలగించారు. వాటి సంఖ్య పది వేలు మించరాదని 1993 నాటి నియంత్రణ ప్రణాళిక నిర్దేశించింది. ప్రభుత్వ సంరక్షణ భూముల్లో వీటిని వేటాడడానికి అనుమతిపత్రం ఉచితంగానే ఇస్తారు.

తూటా సంగతికి వస్తే, అసలు పాఠం అంతకుముందు ఆదివారం షూటింగ్ రేంజ్‌లోనే మొదలైంది. మా సహోద్యోగి దగ్గర తేలిక రైఫిళ్ళు రెండున్నాయి. అవి కాల్చే తూటాల పేర్లతోనే చెబితే, ఒకటి 300 విన్‌చెస్టర్ మాగ్నమ్, రెండోది 7 ఎంఎం–08 రెమింగ్టన్. రెండూ స్కోప్‌తో కలిపి 3 కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతాయి. కాగితం మీది అంకెలు చూసి నేను మాగ్నమ్ వైపే మొగ్గి ఉన్నాను. మొదటి రెండు తూటాలు కాల్చేసరికి భుజం మండింది గాని, మగతనానికి పోయి పైకి అనలేదు. మూడోసారి ఆయన నేను చూడకుండా మందులేని నకిలీ తూటా పెట్టి ఇచ్చారు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. కానీ బ్యారెల్ కొస బెత్తెడు కిందికి పోయింది, నా కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోయాయి. తన్నబోతుందన్న భయంతో నా ఒళ్ళే ముందుగా గురి చెడగొడుతోందని ఆ టిక్కుతో తెలిసింది.

దీని లెక్క కష్టమైనదేమీ కాదు. ఒకే తూటాను కాల్చినప్పుడు తుపాకీ బరువు సగమైతే, అది భుజాన్ని తన్నే శక్తి రెట్టింపవుతుంది. మాగ్నమ్ తూటా కొసనుండే 11.7 గ్రాముల గుండును సెకనుకు 900 మీటర్ల వేగంతో పంపుతుంది, అందుకు 4.7 గ్రాముల దాకా మందు కాలుతుంది. 7 ఎంఎం–08 పంపేది 9 గ్రాముల గుండును, సుమారు 850 మీటర్ల వేగంతో, 3 గ్రాములకు లోపు మందుతో. 3 కిలోల తుపాకీలో మొదటిదాని తన్ను 49 జౌల్స్, రెండోదానిది 24. ఇంత చెల్లించి మాగ్నమ్‌తో కొనుక్కునేదేమిటని చూస్తే, 200 మీటర్లకు గురి సరిచేసిన రెండు తుపాకుల గుళ్ళు 300 మీటర్ల దగ్గర కిందికి జారడంలో తేడా రెండు మూడు వేళ్ళ మందమే.

మాన్యుమెంట్ హట్ దగ్గర బండి వదిలి, పాయలు పాయలుగా పారే నదిని మోకాలి లోతు మంచునీళ్ళలో ఆరుసార్లు దాటి, చీకటి పడేవేళకు లోయలోని ఒక గుడిసెకు చేరాము. పొయ్యిలో కట్టెలు అంటుకున్నాక మళ్ళీ అదే చర్చ. 1952లో వచ్చిన 308 విన్‌చెస్టర్ ఇత్తడి కేసు మెడను సన్నగా నొక్కి 1955లో 243ను, 1980లో 7 ఎంఎం–08ను చేశారు. ఒక తల్లి పిల్లలు కాబట్టి ఈ మూడూ పొట్టి బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) ఉన్న తుపాకీలో ఇముడుతాయి; 1925 నాటి 270 విన్‌చెస్టర్‌కు పొడుగు బోల్టు కావాలి, దానితో కొంత బరువూ తప్పదు. ముదురు తహర్ పోతులు కొన్ని నూరు కిలోలు దాటుతాయి కనుక 243 మీద ఆయనకు నమ్మకం లేదు. 308 తూటాలు ఏ చిన్న ఊరి కొట్టులోనైనా దొరుకుతాయి, దానికి ఆ మర్యాద ఇవ్వవలసిందే. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ ఇంకా మెత్తగా తన్నుతుంది, గాలికి తక్కువగా కొట్టుకుపోతుంది. మరొకరైతే దాన్నే ఎంచుకోవచ్చు, వారితో నాకు తగవు లేదు. ఇక్కడ పేలుడు చప్పుడును తగ్గించే సప్రెసర్‌కు ప్రత్యేక అనుమతి అక్కరలేదు కాబట్టి బ్యారెల్‌ను 45 సెంటీమీటర్లకు కుదించి దానికి సప్రెసర్ బిగిస్తారు. కుదించిన ప్రతి అంగుళానికీ సెకనుకు ఏడెనిమిది మీటర్ల వేగం పోతుంది. అయినా వేటగుండు ఒంట్లో పుట్టగొడుగులా విచ్చుకోవడానికి కావలసిన సెకనుకు 550–600 మీటర్ల వేగం, 7 ఎంఎం–08 గుండుకు 350 మీటర్ల దగ్గర కూడా మిగిలి ఉంటుంది. ఆ దూరం నుంచి గురి నిలపగలిగే చెయ్యి అప్పటికి నాకు లేదు.

మరునాడు బీచ్ చెట్ల అడవి దాటి, గడ్డి దుబ్బుల మీదుగా, సూదుల్లాంటి ఆకులతో తొడలను గుచ్చే స్పానియార్డ్ మొక్కలను తిట్టుకుంటూ మూడు గంటలు ఎక్కాము. విశ్రాంతికి ఆగినప్పుడు నా సంచిలోంచి ఆవకాయ గాజు సీసా బయటపడింది. తుపాకీలో 300 గ్రాములు తగ్గించడానికి నెల రోజులుగా కేటలాగులు తిరగేస్తున్న మనిషి 400 గ్రాముల సీసా మోసుకురావడం చూసి ఆయన చాలాసేపు నవ్వారు. ఆ తరువాత రొట్టెలో రెండు ముక్కలు పెట్టుకుని తిన్నారు.

పదకొండింటికి మొదటి పోతు కనిపించింది. ఎదురు కొండచరియ మీద, 430 మీటర్ల దూరంలో, మెడచుట్టూ జూలు గాలికి ఊగుతూ నిలబడి ఉంది. మాగ్నమ్ ఉంటే బాగుండునని నోటిదాకా వచ్చింది. ఆయన దుర్భిణి దించి, అక్కడ పడితే కిందికి ఎంతదూరం పోతుందో చూడమన్నారు. దాని కాళ్ళకింద నూటయాభై మీటర్ల నిట్టనిలువు రాయి, దాని అడుగున మనిషి దిగలేని ఇరుకు లోయ. ఏ తూటాతో కొట్టినా అక్కడినుంచి దాన్ని తెచ్చుకోలేము. తెచ్చుకోలేని చోట కాల్చకూడదన్నది ఆయన నియమం. గంటన్నర తరువాత అది తనంతట తానే చరియ దాటి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మరొక పోతు, మాకు పైన, గడ్డి వాలులో దొరికింది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ 260 మీటర్లు చూపించింది. వాలు 30 డిగ్రీలు కాబట్టి గుండు కిందికి జారడానికి లెక్కలోకి వచ్చే అడ్డదూరం 225 మీటర్లే. సంచి మీద తుపాకీ ఆనించాను. ఎక్కిన ఆయాసం తగ్గని గుండె కొట్టుకున్నప్పుడల్లా స్కోప్‌లోని గీత దాని భుజం మీదినుంచి డొక్కమీదికి జారుతోంది. తేలిక తుపాకీతో ఉన్న రెండో ఇబ్బంది ఇదే, బరువైనదైతే ఇంతగా కదలదు. ఊపిరి కుదుటపడేదాకా, నాలుగు నిమిషాలు, మేము కదలలేదు. ఆ తరువాత భుజపుటెముక మీద కొట్టాను. కళ్ళు మూసుకుపోలేదు. పోతు నాలుగు అడుగులు కూడా వేయకుండా గడ్డిలోనే కూలడం స్కోప్‌లోనే చూశాను. దగ్గరికి వెళ్ళి ఆ జూలు మీద చెయ్యి వేసినప్పుడు రాజమల గుర్తొచ్చింది. కాసేపు మాట్లాడబుద్ధి కాలేదు.

కోసి, మాంసమూ తోలూ కొమ్ములూ సర్దుకుని గుడిసెకు దిగేసరికి రాత్రి ఎనిమిదైంది. అవతలి భుజం దగ్గర, తోలు కింద, గుండు దొరికింది. ఇంటికి వచ్చాక మా ఆవిడ కేకులకు పిండి తూచుకునే త్రాసు మీద పెట్టి చూశాను. బయలుదేరినప్పుడు 9 గ్రాములున్నది, విచ్చుకుని, 7 గ్రాములుగా మిగిలింది.

తరువాతి శనివారం కొట్టుకు వెళ్ళి, 7 ఎంఎం–08లో 2.8 కిలోల రైఫిల్‌కు బయానా ఇచ్చాను. అదే ధరకు, అదే బరువులో 300 మాగ్నమ్ కూడా ఉందని చెప్పి కొట్టతను దాన్ని నా చేతికి అందించాడు. ఖాళీ తుపాకీయేనని ఇద్దరమూ చూసి నిర్ధారించుకున్నాము. గోడవైపు ఎత్తి ట్రిగ్గర్ నొక్కగానే నా కళ్ళు మళ్ళీ మూసుకున్నాయి. మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశాను.