మా కింది పోర్షన్ బుజ్జిగాడు

పేరు విని మోసపోకండి. బుజ్జిగాడంటే చెవి అంచు చిరిగిన, బాగా బలిసిన గండుపిల్లి. కాకినాడలో మేం అద్దెకుంటున్న ఇంట్లో కింది పోర్షన్ మామ్మగారిది, మేడ మీది పోర్షన్ మాది. మేడెక్కాలంటే మామ్మగారి వరండా గ్రిల్ పక్కనుంచే మెట్లు. మూడో మెట్టు వాడిది. టోల్‌గేటు అనుకోండి, కాకపోతే డబ్బులిచ్చినా వదలడు.

మొదట్లో గుర్రుమనేవాడు, అంతే. తర్వాత చెవులు వెనక్కి మడిచి బుస కొట్టడం, నా చీర కుచ్చిళ్ల మీదికి పంజా విసరడం. పాలబ్బాయి ప్యాకెట్లు గేటు దగ్గరే వదిలేసి వెళ్లడం మొదలెట్టాడు. మా వారు ఆఫీసు నుంచి వస్తే గొడుగు తెరిచి ముందు పెట్టుకుని మెట్లెక్కేవారు. ఎండాకాలం, మబ్బు తునక కూడా లేదు. ఎదురింటివాళ్లు ఏమనుకునేవారో!

మామ్మగారికి చెబితే ఒకటే మాట. "మావాడు అలాంటోడు కాదమ్మా. నువ్వు భయపడుతున్నావని వాడికి తెలిసిపోతోంది." ఒంటరి మనిషి, డెబ్బై దాటాయి. ఇంకేం అంటాను?

ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్లకి కిందికి దిగాను. ప్రహరీ గోడ మీద ఎక్కడిదో ఇంకో నల్ల గండుపిల్లి. మూడో మెట్టు మీద మనవాడు తోక పొట్లకాయంత ఉబ్బించి, కడుపులోంచి ఒక రాగం తీస్తున్నాడు. పక్కనుంచి జారుకుందామని కాలు ముందుకేశానో లేదో, పిక్క పట్టేశాడు. నాలుగు గాట్లు, వాటిలో రెండు లోతుగా. రక్తం చీలమండ దాకా కారింది.

అత్తయ్య పసుపు డబ్బాతో పరిగెత్తుకొచ్చారు. వద్దని, కొళాయి కింద కాలు పెట్టి సబ్బుతో పావుగంట కడిగాను. ఈ ఒక్క ముక్క మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి: పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. పిల్లి పన్ను సూదిలా సన్నంగా ఉంటుందట. పైన చిల్లు ఇట్టే మూసుకుపోతుంది, క్రిములు లోపలే ఉండిపోతాయి. అందుకే పిల్లి కాటు చూడ్డానికి చిన్నదైనా తొందరగా చీము పడుతుందని డాక్టరుగారు చెప్పారు.

"కుక్క కరిస్తే కదా సూదులు?" అంది మామ్మగారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని. రేబిస్ పిల్లి వల్ల కూడా వస్తుంది, పైగా బుజ్జిగాడికి ఒక్క టీకా కూడా లేదు. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు), ధనుర్వాతం రాకుండా ఒక టీటీ, ఆపైన చర్మంలోకి ఇచ్చే టీకా మొదటిరోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాతకాలం మాట. రెండు భుజాల మీదా చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. గాయం చుట్టూ ఇచ్చిందానికి మాత్రం చుక్కలు కనిపించాయి.

ఈలోగా సలహాలు. మెట్ల మీద కలరా ఉండలు వేయమని ఒకరు (అది పిల్లులకి విషం, వేయకండి), గోనెసంచిలో కట్టి చేపల మార్కెట్‌లో వదిలేయమని ఇంకొకరు. అత్తయ్య ఆ రెండోదానికి సిద్ధపడ్డారు కూడా.

నాలుగో డోసుకి మామ్మగారు తనూ వస్తానని ఆటో ఎక్కింది. నా వంతు అయ్యాక నర్సు ముందు చీర కొంగు పక్కకి తీసి మోచేయి చూపించింది. గీతలే గీతలు, కొన్ని పాతవి, రెండు మూడు పచ్చివి. "నన్నూ రక్కుతూనే ఉంటాడమ్మా. చెబితే మీరంతా వాణ్ణి పంపించేయమంటారని..." అని తల దించుకుంది. నర్సు ఆవిణ్ణి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. నాకేమో ఆర్నెల్ల కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఆ వారమే ఇద్దరం కలిసి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చేపల బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, దారిపొడుగునా వాడి తిట్లు వింటూ. ఆయన నల్లపిల్లి సంగతి అడిగి తెలుసుకుని, అసలు కోపం దానిమీద, అందనప్పుడు దగ్గరున్నవాళ్ల మీద తీర్చుకుంటాడు అన్నారు. అత్త మీద కోపం దుత్త మీద అన్నమాట. అత్తయ్య ముందు ఈ సామెత అనలేదు లెండి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, టీకా చేయించాం, ఖర్చు చెరిసగం. వెంటనే మారడు, ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. అలాగే అయింది. గోడ కనిపించకుండా గ్రిల్‌కి, మెట్ల రెయిలింగుకి పాత దుప్పట్లు కట్టాం. నెలన్నర తిరిగేసరికి మా తలుపు మీద వాడు పోసే ఉచ్చ కంపు కూడా పోయింది.

ఇప్పుడు మూడో మెట్టు ఖాళీ. నా స్కూటీ సీటు మీద పడుకుంటున్నాడు. తాళాలు గలగలలాడించి, వాడి కళ్లలోకి చూడకుండా గేటు వైపు తిరిగి నిలబడితే, ఒళ్లు విరుచుకుని తీరిగ్గా దిగుతాడు. పొద్దున్నే నాకు అయిదు నిమిషాలు ఆలస్యం.