నీళ్లు దిగినచోట, మోదుగు పూసినచోట

సముద్రం లేని దక్షిణ తెలంగాణ జిల్లాలు ఇవి. ఇక్కడ తీరమంటే చెరువు శికం, లేదా రిజర్వాయర్ నీళ్లు వెనక్కి జరిగాక మిగిలిన బురద అంచు. మార్చి రెండో వారంలో మూడు రోజులు పిట్టలు చూడటానికి నల్లగొండ, డిండి, మన్ననూరు, సోమశిల, జూరాల వరసలో తిరిగాం. ఏ ఊరికి ఎప్పుడు పోవాలన్నది క్యాలెండర్ చూసి పెట్టుకున్నది కాదు. నీళ్లు ఎంత దిగాయి, అడవిలో మోదుగు, బూరుగు ఎంత పూశాయి అన్న రెండు సంగతులు కనుక్కుని పెట్టుకున్నాం.

మొదటి పొద్దు పానగల్లు ఉదయసముద్రం. పాత చెరువే కానీ ఇప్పుడు ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) నీళ్లు నిలవ చేసే రిజర్వాయర్ కూడా. నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసిన నీళ్లు వస్తుంటాయి కాబట్టి ఎండాకాలంలోనూ మిగతా చెరువుల్లా ఎండదు. లోతు నీళ్లలో ఈదే పిట్టలకు ఇది మేలు, ఉల్లంకి పిట్టల్లా బురదలో పొడుచుకు తినేవాటికి మాత్రం పెద్దగా పనికిరాదు. లోతు నీళ్లలో బొల్లికోళ్లు, మునుగుడు కోళ్లు, నీటికాకులు దండిగా ఉన్నాయి. ఒడ్డున బురద లేదు గనక పొడుగుకాళ్ల పిట్టలు దాదాపు లేవు. కట్ట మీద గంటన్నర చాలు. ఎండ పడుతున్న వైపు నుంచి చూడండి, సూర్యుడు ఎదురుగా ఉంటే నీళ్ల మీదున్న ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది.

అక్కడినుంచి దేవరకొండ మీదుగా డిండి రిజర్వాయర్. ఇక్కడ కథ తిరగబడింది. నీళ్లు బాగా దిగి, శికం అంతా బురద, పచ్చిక. మేం వెతికింది ఈ అంచునే. బురదలో మేసే చిట్టి వలస పిట్టలు, చిన్న స్టింట్లు, టెమింక్ స్టింట్లు ఒకే గుంపులో మేస్తుంటే మొదట కాళ్లు చూడాలి. చిన్న స్టింట్ కాళ్లు నలుపు, టెమింక్‌వి పచ్చపసుపు. బురద అంటిన కాళ్లు అన్నీ నల్లగానే ఉంటాయి, అందుకే పిట్ట నీళ్లలో నడిచి వచ్చేదాకా ఆగి చూడాలి. మార్చిలో ఇంకో చిక్కు, వలస పోయే ముందు ఈకలు మార్చుకుంటుంటాయి. నల్లతోక గాడ్‌విట్లు కొన్ని బూడిద రంగులో, కొన్ని ఇటుక రంగు తిరుగుతూ కనిపించాయి. రెండు జాతులనుకుని రాసేస్తారు కొత్తవాళ్లు. ముక్కు పొడవు, తోక రంగు మారవు కదా, వాటినే నమ్మాలి.

స్కోప్ (పిట్టలు చూసే దూరదర్శిని) గురించి ఒక మాట. 20 నుంచి 60 రెట్లదాకా జూమ్ ఉన్నది తీసుకుపోయాం. తొమ్మిది దాటాక నేల వేడెక్కి గాలి అలలు కొడుతుంది, అప్పుడు 60 పెడితే పిట్ట కాదు, వణుకుతున్న మచ్చ కనిపిస్తుంది. 20, 25 దగ్గరే ఉంచి, ఇంకా కావాలంటే నాలుగడుగులు ముందుకు పోవడం మేలు. గుంపు లెక్కపెట్టేటప్పుడు ముందు పది పిట్టలు ఎంత జాగా తీసుకుంటున్నాయో చూసి, ఆ జాగాతో గుంపును కొలుచుకుంటూ పోతే చాలు. ఒక్కొక్కటీ లెక్కపెడుతుంటే సగంలో లేచిపోతాయి.

రాత్రికి మన్ననూరు. మన్ననూరు, దోమలపెంట మధ్య శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు పోనివ్వరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి ఈ కట్టడి. ఆరింటికి గేటు తెరవగానే ఆగి ఉన్న బండ్లన్నీ ఒక్కసారి పోతాయి, మొదటి అరగంట హారన్ల గోల. మార్చిలో ఆరున్నర దగ్గరే పొద్దు పొడుస్తుంది, ఆ గోల సద్దుమణిగాక బయలుదేరినా పోయేదేం లేదు. పెట్రోలు అచ్చంపేటలోనే పోయించుకోండి. లోపల ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే దింపుకోండి.

అడవి ఆకు రాల్చి బోసిగా ఉంది, మోదుగు మాత్రం మంట. ఫరహాబాద్ సఫారీ బండి పులి కోసం పోతుంది, పిట్ట కోసం ఆగదు. పిట్టలు కావాలంటే ఒక్క పూసిన చెట్టు దగ్గర గంటన్నర కూర్చోవడమే మార్గం. బూరుగు చెట్టుకు ఇరవై ఇరవై అయిదు గజాల దూరంలో, సూర్యుడు వీపు వెనక ఉండేట్టు కూర్చున్నాం. మొదట కాకులు, గోరింకలు. తర్వాత గులాబీ రంగు రోజీ స్టార్లింగ్‌లు పదుల్లో దిగి అందరినీ తరిమేశాయి. ఇవి ఏప్రిల్‌లో మధ్య ఆసియాకు పోతాయి కనుక చూడాలంటే ఇప్పుడే. అవి లేచిపోయాక తేనెపిట్టలు, ఆకుపచ్చ లీఫ్‌బర్డ్‌లు, ఏట్రింతలు వచ్చాయి. తొమ్మిదికల్లా చెట్టు ఖాళీ.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పూలలో తల దూర్చిన పిట్టల నుదుటికి, గొంతుకు పుప్పొడి పసుపు అంటుతుంది. పసుపు నుదురు తేనెపిట్ట అని, పసుపు గొంతు గోరింక అని ఏటా ఎవరో ఒకరు ఫొటో పంపుతారు. రెండు పక్కలా పసుపు సమంగా లేకపోయినా, అంచు గీతలా లేకుండా పొడి రాసినట్టున్నా అది పుప్పొడే.

అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరంలో కొండచరియ కిందే గుడి, బండల నుంచి ఊరే నీళ్లు ఎండాకాలంలోనూ ఆగవు. ఆ తేమకే పిట్టలు చేరతాయి. పసుపు గొంతు పిగిలి పిట్ట కోసం మెట్ల పక్క బండలు, ముళ్లపొదలు వెతికాం. దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా లేని, ముప్పులో ఉన్న జాతి. ఇదే పొదల్లో తెల్లకనుబొమ్మ పిగిలి పిట్ట చాలా ఎక్కువ, తలంతా పసుపుగా ఉందా, లేక కంటిమీద తెల్లగీత ఉందా అన్నది తేల్చుకోకుండా పేరు రాయొద్దు. మాకు రెండే కనిపించాయి, పది తర్వాత బండ నీడకు దిగినప్పుడు. ఫోన్‌లో కూత వినిపించి పిలవడం మేం చేయం. ఇది జతకట్టే కాలం, లేని పోటీదారును వెతుక్కుంటూ మగపిట్ట పొద్దంతా అలసిపోతుంది. కోతులున్నాయి, సంచి జిప్పు వేసుకోండి. పిడుదులు కూడా ఉన్నాయి, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి.

సోమశిలలో కృష్ణ, అంటే శ్రీశైలం రిజర్వాయర్ వెనక నీళ్లు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, మార్చికి అది బాగా కిందికి జారి దిబ్బలు, ఇసుక తిన్నెలు తేలుతాయి. టెర్న్‌లు, ప్రాటిన్‌కోల్‌లు అనే నదీతీర పిట్టలు గుడ్లు పెట్టేది వాటి మీదే. పడవలో పోయినా దిబ్బ మీద దిగలేదు. గుడ్లు ఇసుక రంగులో చిన్న గుంటలో ఉంటాయి, కాలు పడేదాకా కనిపించవు. తల్లి లేస్తే ఆ ఎండకు గుడ్డు కొద్దిసేపట్లో ఉడుకుతుంది, అందుకే నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి కూర్చుంటుంది. పిట్టలు అరుస్తూ తలమీదికి దూకుతున్నాయంటే గూళ్ల మధ్యకు వచ్చేశామని అర్థం, వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. నీళ్లు దిగేకొద్దీ ఇంకో ముప్పు, దిబ్బ ఒడ్డుకు కలిసిపోతుంది. కుక్కలు, గొర్రెలు నడిచి వచ్చేస్తాయి. ఒక తిన్నెకు అప్పటికే దారి పడింది, దాని మీద ఒక్క గూడూ లేదు.

టెర్న్‌ల గుర్తింపులోనూ తికమక ఉంది. రివర్ టెర్న్‌కు పసుపు ముక్కు, తెల్ల పొట్ట. పొట్ట నల్లగా ఉన్నది కనిపిస్తే చాలామంది అరుదైన నల్లపొట్ట టెర్న్ అని రాసేస్తారు. వలస వచ్చిన విస్కర్డ్ టెర్న్‌కూ మార్చి, ఏప్రిల్‌లో పొట్ట నలుపెక్కుతుంది. దాని ముక్కు ముదురు ఎరుపు, తోక చీలిక తక్కువ. నల్లపొట్ట టెర్న్‌కు నారింజ ముక్కు, తోక లోతుగా చీలి పొడుగ్గా ఉంటుంది. తోక చూడకుండా తేల్చలేం. మేం చూసిన ఏడూ విస్కర్డ్‌లే.

చివరి పొద్దు కృష్ణ మీది జూరాల ఆనకట్ట. పొద్దున ఎగువ వైపు చూడాలి, సూర్యుడు వెనక ఉంటాడు. సాయంత్రం దిగువ వైపు. ఆనకట్ట గేట్లు, పవర్ హౌస్ ఫొటోలో పడకుండా చూసుకోవాలి. దిగువ మడుగుల్లో మొసళ్లున్నాయి, నీళ్ల అంచుకు పోయి ఫొటో తీసే పని పెట్టుకోవద్దు. తలమీద రెండు నల్ల చారలున్న బార్ హెడెడ్ బాతులు ఎగువన నలభై దాకా ఉన్నాయి, బాపన బాతులు పన్నెండు. ఇవి పగలు నీళ్ల మీద నిద్రపోయి, సంధ్యవేళ యాసంగి వరి చేలకు మేతకు పోతాయి. పగలు చూసి 'తక్కువున్నాయి' అని వెళ్లిపోతే లెక్క తప్పుతుంది, ఆరు నుంచి ఏడు మధ్య ఒకేచోట నిలబడి ఎగిరిపోయే వరసలు లెక్కపెట్టాలి. మేం అలా నిలబడితే అరవై మూడు తేలాయి. మార్చి చివరికి ఇవి హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా వైపు పోతాయి, ఏప్రిల్‌లో వచ్చేవాళ్లకు మిగలవు.

ఆఖరి వరస చీకట్లో కలిశాక ఆనకట్ట దగ్గర వేడి చేపల ఫ్రై తిన్నాం. అది కూడా చీకటి పడ్డాకే, లేకపోతే వాసనకు దిగిన గద్దలు ప్లేటు వదలవు.